పులుపు చూసే వేలు

చెరువు చేపల్ని ముళ్లు తీసి సన్నగా కొడుతున్నాను. కత్తి పిడికి పాత గుడ్డ చుట్టుకున్నా అరచేయి మండుతూనే ఉంది. నేను వేసుకునే మాత్రలకి అరచేతులు ఎర్రబడి పొట్టు లేస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. కాలేయంలో పిత్తనాళానికి వచ్చిన రాచపుండుని సగం కాలేయంతో సహా కోసి తీసేశారు. అయినా కంటికి కనపడనివి మిగిలి ఉంటే మళ్లీ మొలుస్తాయట. అందుకే ఈ మాత్రలు. రెండు వారాలు వేసుకుని, ఒక వారం ఆపి, మళ్లీ మొదలు.

"తీసేశారు కదా! లేని జబ్బుకి మందేమిటి, బువలై?" అంటాడు మా ఆయన ఖంసింగ్. "చేతులు పాడుచేసేది మందేనా? నాట్లయ్యేదాకా ఆపెయ్."

వీధి అవతల ఉండే అత్త, "నా కొడుకు వేడి అన్నం తిని ఎన్నాళ్లయిందో," అని నాకు వినపడేలా కోళ్లతో చెబుతుంది. ఇవాళ పొద్దున వేసుకోవాల్సిన మాత్రలు ఇంకా నా లుంగీ మడతలోనే ఉన్నాయి. నడుము దగ్గర తగులుతున్నాయి. వేసుకోవాలి. మానేస్తే చేయి బాగుపడి ఇంట్లో గొడవ తగ్గుతుంది. బాగుపడిన చేత్తో మళ్లీ ఈ కత్తే పట్టాలి. ఉదయం నుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో.

పచ్చి చెరువు చేపలోని పురుగు కాలేయంలో చేరితే ఈ జబ్బు వస్తుందట. పచ్చి చేప తింటావా అని డాక్టరమ్మ అడిగినప్పుడు తిననన్నాను. "అది మగాళ్ల తిండి, డాక్టరుగారూ," అని ఖంసింగ్ నవ్వాడు. నేనూ అబద్ధం చెప్పాననుకోలేదు. ఏనాడూ నా కంచంలో పెట్టుకోలేదు మరి. కానీ పెళ్లికి ముందు నాన్నకి, తరువాత ఇతనికి, ఇతని స్నేహితులకి నిమ్మరసంతో పచ్చి చేప కలిపిన ప్రతిసారీ పులుపు సరిపోయిందో లేదో నా వేలే చూసింది. రుచి చూడటం తినడం కిందికి వస్తుందని మా ఊళ్లో ఏ ఆడది అనుకుంటుంది?

వరండాలో సారా సీసా తెరుచుకుంది.

"పచ్చిదైతే ఏంట్రా, నిమ్మరసంలో ఉడికిపోతుంది," అన్నాడు ఖంసింగ్‌తో తాగడానికి వచ్చిన తోంగ్ మామ.

"మిగిలిన పురుగులు సారా తాగి పడిపోతాయి!" అని ఖంసింగ్ అందుకున్నాడు. అందరూ నవ్వారు.

నిమ్మకాయ పిండబోతే చర్మం పగిలిన చోట నిప్పు పెట్టినట్టయింది. చేయి వెనక్కి లాక్కున్నాను. ఖంసింగ్ అది చూశాడు.

"ఫాయ్! అమ్మకి చేతులు బాగోలేవు. నువ్వు కలుపు తల్లీ."

నా కూతురు ఉత్సాహంగా కూర్చుంది. నిమ్మరసం పిండి, వేయించిన బియ్యప్పొడి, మిరపపొడి, చీమగుడ్లు వేసి తన లేత చేత్తో కలిపింది.

"పులుపు చూడు. మీ అమ్మ నాలుక కూడా పోయింది," అన్నాడు తండ్రి.

పిల్ల వేలు నోటి దాకా వెళ్లింది.

మణికట్టు పట్టుకున్నాను. నా చర్మం చిట్లి దాని చేతికి నెత్తురంటింది. లాక్కెళ్లి సబ్బుతో రుద్ది కడిగాను. తిరిగొచ్చి, గిన్నెడు చేపనీ పొయ్యి మీద తెర్లుతున్న పులుసులోకి వంచేశాను. చూస్తుండగానే ముక్కలు తెల్లబడ్డాయి.

"ఇదేంటమ్మా, మాకు రోగి కూడు పెడతావా?" అన్నాడు తోంగ్ మామ.

"పులుపు చూసి చూసే నాకీ జబ్బు వచ్చింది మామా. ఇక పిల్లతో చూపించను. మాత్రలు కూడా ఆపను."

ఖంసింగ్ లేచాడు. "నా ఇంట్లో..." అని ఆగిపోయాడు. ఇల్లు మా అమ్మది. అమ్మ తరువాత నాది, నా తరువాత ఫాయ్‌ది. మా ఊళ్లో మగవాడు చాప చంకన పెట్టుకుని పెళ్లాం ఇంటికి వస్తాడు.

మగవాళ్ల కంటే ముందు నాకూ ఫాయ్‌కీ వడ్డించాను. పులుపు చాలలేదు. అయినా తిన్నాను. అన్నం తిన్నాకే వేసుకోమన్నారు కనుక, తిన్నాక మడత విప్పి మాత్రలు మింగాను.

ఖంసింగ్ చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.