మగ్గాలకు ఇండ్లు ఇయ్యరంట

కుళ్ళాయమ్మ నీళ్ల బిందెతో ఇంటికొచ్చేసరికి, కూర్చుని నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో మట్టి పోస్తున్నారు. ఇద్దరు కూలీలు తట్టలు మోస్తుంటే ఇంటి ఓనరు వీరభద్రయ్య గడప దగ్గర నిలబడి తొందరపెడుతున్నాడు. మగ్గం మీద సగం నేసిన పట్టుచీర ఉంది. పడుగంతా ఎర్రమట్టి.

బిందె అక్కడే వదిలేసి ఆమె గుంతలోకి దూకింది.

"ఏం సామీ, చీర మగ్గం మీద ఉండంగానే పూడుస్తాండావే!"

"నెల కిందటే చెప్పినా కదమ్మా. ఫ్యాక్టరీవాళ్లు రెండింతల బాడిగ ఇస్తామని కాచుకోనుండారు. ఈ గుంత పెట్టుకుని టైల్స్ ఎట్ల ఏసేది?"

హైవే పక్క ఫ్యాక్టరీలు లేచినప్పటి నుంచి ఇదే గోల. పెనుకొండలో, హిందూపురంలో ఇండ్లు దొరకనివాళ్లు ధర్మవరం దాకా వస్తున్నారు. హిందూపురం బ్రోకరు ఉమాశంకర్ రోజూ స్కూటర్ మీద వీధులు తిరుగుతున్నాడు. నెల రోజులుగా కుళ్ళాయమ్మ కూడా వేరే ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతూనే ఉంది, బత్తలపల్లి రోడ్డు దాకా. ప్రతి గడపలోనూ ఒకటే ప్రశ్న: "మగ్గం ఉండాదా?" ఉందంటే తలుపు మూసుకునేది. నేసేవాళ్ల ఊర్లో మగ్గానికి చోటు లేదు!

ఆ వరుసలో పన్నెండు ఇండ్లూ వీరభద్రయ్యవే. పన్నెండింటిలోనూ మగ్గాలే, అందరినీ ఖాళీ చేయమన్నాడు. ఆ మధ్యాహ్నం, వీరభద్రయ్య గుంత పూడ్పించి పోయినాక, వీధిలో అందరూ చేరారు.

పక్కింటి వెంకటేష్ తల దించుకుని అన్నాడు: "ఇల్లు ఆయప్పది. పొమ్మంటే పోవల్ల. పోలీసులు, కేసులు మనకేలక్కా?"

కుళ్ళాయమ్మకు ఒళ్లు మండింది.

"ఇల్లు ఆయప్పదే. గుంత ఎవురు తవ్విండేది? నా మొగుడు గడ్డపారతో మూడు దినాలు బండ పగలగొట్టినాడు. అప్పుడు ఈడికి ఎవురొచ్చిండారు? కరెంటు కోసం, కొళాయి కోసం ఆఫీసుల సుట్టూ తిరిగింది మనం. మనం ఉండబట్టే ఈ జాగాకు రేటు వచ్చె. ఆ రేటు సూపించి మనల్నే తరుముతాండారు!"

ఎదురింటి ఈశ్వరి ముందుకొచ్చింది. ఆమెది సొంత ఇల్లు, ముందు చిన్న అంగడి, వెనక గది బాడిగకు ఇచ్చింది.

"గది ఖాళీ చేయిస్తే రెండింతలు ఇప్పిస్తానని ఆ బ్రోకరు నాకూ చెప్పినాడు. ఆశ పుట్టలేదంటే అబద్ధమే. కానీ మీరంతా పోతే నా అంగట్లో సరుకు ఎవురు కొంటారు? ఈ పొద్దు మీ బాడిగ, రేపు నా ఇల్లే అడుగుతాడు వాడు. నేను గది ఖాళీ చేయించను."

"అయితే ఏం చేద్దాం?" అన్నాడు వెంకటేష్.

"ఒక్కరూ ఖాళీ చేసేది లేదు. బాడిగ పెంచల్లంటే పన్నెండు ఇండ్లతో కూర్చోని మాట్లాడల్ల. ముందు గుంత తవ్వండి!" అంది కుళ్ళాయమ్మ.

పారలు వచ్చాయి. ఆడవాళ్లు తట్టలెత్తారు. పొద్దు వాలేలోపల గుంత మళ్లీ తెరుచుకుంది. వెంకటేష్ పడుగు పోగు పోగూ దులిపాడు.

మరునాడు వీరభద్రయ్య ఫిర్యాదు మీద పోలీసు జీపు వచ్చింది. కుళ్ళాయమ్మనూ వెంకటేష్‌నూ ఎక్కించుకుని పోయారు. స్టేషన్‌లో వీరభద్రయ్య మెత్తగా మాట్లాడాడు.

"నిన్ను ఖాళీ చేయమనను కుళ్ళాయమ్మా. పాత బాడిగే ఇయ్యి. కడమ పదకొండు ఇండ్ల జోలికి రావొద్దు. అంతే."

ఎస్సై కాగితం ముందుకు తోశాడు. "సంతకం పెట్టి ఇంటికి పో."

ఆమె చెయ్యి ఒక క్షణం కాగితం వైపు కదిలింది. సగం చీర, మళ్లీ ఇల్లు వెతుక్కునే బాధ, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. పక్కన వెంకటేష్ ఆమె చేతినే చూస్తున్నాడు.

"వద్దు సార్. కేసే రాసుకో. ఏం మాట్లాడినా పన్నెండు ఇండ్లకూ ఒకటే మాట."

"నా పేరు కూడా రాయి సార్," అన్నాడు వెంకటేష్. ఈసారి అతను తల దించుకోలేదు.

బయట గొంతులు పెరిగాయి. కిటికీలోంచి చూస్తే రోడ్డు నిండా జనం. పక్క వీధుల మగ్గాలవాళ్లు, బాడిగ ఇండ్లవాళ్లు అంతా నేల మీద కూర్చున్నారు. ముందు వరసలో ఈశ్వరి. అంగడికి తాళం వేసి వచ్చింది. వాళ్ల మధ్య స్కూటర్ ఇరుక్కుపోయి ఉమాశంకర్ ఫోన్‌లో ఫ్యాక్టరీవాళ్లెవరినో బతిమాలుకుంటున్నాడు.

"సార్, దుడ్లు ఎంతిచ్చినా ధర్మవరంలో ఇల్లు సూపించలేను. ఈడ ఒక్కరూ కదిలేటట్టు లేరు."