పేర్లున్న గ్లాసులు

మా కాలేజీ ఫిల్మ్‌నగర్ గుట్ట మీద ఉంటుంది. కిందటేడు సంగీతోత్సవం రోజు గాలి లేచి, తాగి పడేసిన పేపర్ కప్పులన్నీ షేక్‌పేట డాబాల మీద వాలాయి. ఈసారి ఒక్క కప్పు కూడా కనబడకూడదని ప్రిన్సిపాల్ త్రినాథరావుగారు తీర్మానించారు. అందరూ ఇంటి నుంచి స్టీలు గ్లాసులు తేవాలి. అన్నీ కలిపి వాడాలి. సాయంత్రం ఎవరివి వాళ్ళకు తిరిగి ఇవ్వాలి.

నేనక్కడ తెలుగు చెబుతాను. అల్మరాలో ఉన్న పన్నెండు గ్లాసులూ చూసుకోకుండా సంచిలో వేసి, సెకండియర్ నవతకు అప్పగించాను. మొదటి పాట మొదలయ్యాక గుర్తొచ్చింది, వాటిలో ఒకటి నా భార్యదని. పెళ్ళికి వాళ్ళమ్మ ‘భూలక్ష్మి’ అని పేరు కొట్టించి ఇచ్చిన గ్లాసు. ఆమె పోయి నాలుగు నెలలైంది. ఆ గ్లాసును నేను వాడటమూ లేదు, తీసి దాచనూ లేదు.

అప్పటికే ఆరువందల గ్లాసులు మైదానమంతా తిరుగుతున్నాయి. ఎవరినీ అడగలేకపోయాను. ప్రతి చేతిలోకీ తొంగిచూడటం మొదలుపెట్టాను. నన్ను చూసి పిల్లలు టీ గటగటా తాగేసి, కుళాయి దగ్గరకు పరుగెత్తి గ్లాసులు తోమారు.

మామూలుగా షూటింగులకు టీ పోసే నర్సింహ ఆ రోజు మాకు పోస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. “ఏంది సార్, గిలాసలకు పెండ్లిచూపులా?”

“ఏం లేదు.”

“ఫికర్ జెయ్యకుండ్రి. ఒక్కటి గూడ పోనియ్య.”

ముఖ్య అతిథిగా వచ్చిన సినిమా గాయని చేతిలోనూ ఒక గ్లాసు ఉంది. మెడ సాచాను. ఆమె బౌన్సర్ ఓదెలు నా ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టాడు.

“సెల్ఫీలు లెవ్వన్నా.”

“గ్లాసు చూద్దామని…”

“గిలాస గూడ లేదన్నా.”

వెనక నుంచి త్రినాథరావుగారు నా భుజం తట్టారు. “చూశారా అండీ, మాస్టారి శ్రద్ధ! పర్యావరణమంటే ఇదీ!” అంటూ నా చొక్కాకు ‘ప్రకృతి రక్షకుడు’ అనే బ్యాడ్జీ తగిలించారు. అది ప్లాస్టిక్‌ది.

సాయంత్రం కచేరీ అయ్యాక నవత మైకు తీసుకుని గ్లాసుల మీది పేర్లు చదవసాగింది.

“నీలమ్మ! నీలమ్మ మనుమలు ఎవరున్నరు? జల్ది రండి!”

ఈలలు మోగాయి. ‘పట్టాభిరామయ్య షష్టిపూర్తి’ అన్న గ్లాసులు మూడు వచ్చాయి. వాటి కోసం వచ్చిన ముగ్గురూ ఒకరికొకరు చుట్టాలని వేదిక మీదే తేలింది. ఆ తరువాత ఏ పేరు చదివినా మైదానం మొత్తం దాన్ని మూడుసార్లు అరిచి చప్పట్లు కొట్టింది.

“భూలక్ష్మి!”

“భూలక్ష్మి! భూలక్ష్మి! భూలక్ష్మి!”

మా ఇంట్లో ఆ పేరుతో పిలిచేవాడిని నేనొక్కడినే. ఈ నాలుగు నెలల్లో ఒక్కసారీ పైకి అనలేదు. లేచి వెళ్ళాను. చప్పట్లు ఇంకాస్త పెరిగాయి.

నవత మైకు పక్కకు పెట్టింది. “మీ అమ్మగారిదా సార్?”

“కాదమ్మా. మా ఇంట్లోవాళ్ళది.”

గ్లాసు మళ్ళీ ఒకసారి తన చున్నీతో తుడిచి, రెండు చేతులతో ఇచ్చింది. నేను దాన్ని సంచిలో వేయలేదు, చేత్తోనే పట్టుకున్నాను. తక్కినవి నర్సింహ ఏరి తెచ్చాడు.

మెట్లు దిగుతుంటే త్రినాథరావుగారు ఎదురొచ్చారు. “ఒక్క కప్పు ఎగరలేదండీ! వచ్చే ఏడు కూడా మీవి పన్నెండూ తేవాలి మాస్టారూ.”

“పదకొండు తెస్తానండీ,” అన్నాను.