ఆఖరున వచ్చినవారి కప్పు

ఆయన్ని బజారంతా కప్పుల బాబాయ్ అంటారు. పందేల్లో గెలిచినవాళ్లకిచ్చే ఇత్తడి కప్పుల మీద అక్షరాలు చెక్కడం ఆయన పని. షాపు నిండా కప్పులే, తాను గెలిచింది మాత్రం ఒక్కటీ లేదు. పొద్దున ముక్కాలి పీట మీద కూర్చుంటే మళ్లీ లేచేది భోజనానికే.

నడక పిచ్చి ఆయన భార్యది. దుకాణదారుల సంఘం ఏటా పెట్టే నడక పందెంలో ఆవిడ తప్పకుండా నడిచేది, తప్పకుండా ఆఖరున వచ్చేది. మోకాళ్లు మొరాయించడం వల్ల కొంత, దారిలో కనబడ్డవాళ్లనల్లా పలకరించడం వల్ల చాలా. కిందటేడు ఆవిడ పార్కు గేటు చేరేసరికి రిబ్బను విప్పేశారు, కుర్చీలు మడిచేశారు, మైకువాడు వైర్లు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఎక్కడ ఆగాలో తెలియక ఆవిడ అలాగే నడుచుకుంటూ తిన్నగా షాపుకొచ్చేసింది.

"ఏవండీ, పందెం ఎక్కడ అయిపోయింది?" అని అడిగింది.

కప్పుల మీద పేర్లు చెక్కించుకోవడానికి వచ్చిన విజేతలు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. ఇంటికెళ్లి మాత్రం బూట్లు అటకెక్కించింది. అది చూసి బాబాయ్ ప్రాణం ఉసూరుమంది.

ఈ ఏడు సంఘం కార్యదర్శి కప్పులకు ఆర్డరివ్వడానికి వచ్చినప్పుడు బాబాయ్, "నా తరఫున ఇంకో కప్పు ఉంటుంది. ఆఖరున వచ్చినవారికి. అది ఇచ్చేదాకా రిబ్బను విప్పడానికి వీల్లేదు," అన్నాడు. ఊరికే వచ్చే కప్పును కాదనేవాడెవడు? కార్యదర్శి సరేనన్నాడు.

చిక్కల్లా దాని మీద ఏం చెక్కాలన్నదే. ఆ బజారులో కప్పు మీద ఇంగ్లీషు లేకపోతే గెలిచినట్టే ఉండదు. ఇత్తడి మీద ఒకసారి ఉలి దిగాక చెరపడం ఎవరి తరమూ కాదు. అందుకని ఇంగ్లీషు పాఠాలు చెప్పే కోడల్ని షాపుకి పిలిచాడు.

"ఆఖరున వచ్చేదానికి ఇంగ్లీషులో మాటలేమున్నాయమ్మా?"

"లాస్ట్ ఉంది కదా, మామయ్యగారూ."

"వద్దు. బడిలో ఉన్నన్నాళ్లూ నన్ను అదే అన్నారు."

"ఫైనల్?"

"ఫుట్‌బాల్ కప్పుల మీద చెక్కీ చెక్కీ విసుగెత్తింది."

"అల్టిమేట్?"

"గడ్డం గీసుకునే బ్లేడు పేరులా ఉంది."

"బిలేటెడ్ అనొచ్చు. రావాల్సిన వేళ దాటిపోయాక వచ్చింది అని."

"కప్పిచ్చి మరీ దెప్పుతామా?"

కోడలికి హుషారొచ్చింది. "పోస్త్యుమస్ అని ఇంకోటుంది. మనిషి పోయిన తర్వాత జరిగేది..."

"ఛ ఛ! మీ అత్తయ్య నిక్షేపంలా ఉంటే!"

నాలిక కరుచుకున్నాడు గానీ, అప్పటికే కోడలు పకపకా నవ్వుతోంది. "ఓహో, కప్పు అత్తయ్యకా! ముందే చెప్పొద్దూ!" అని, ఈసారి బుద్ధిగా ఆలోచించింది. "ఈవెంచువల్. మధ్యలో ఏవేవో అడ్డమొస్తాయి, ఆలస్యమవుతుంది, అయినా చివరికి జరిగి తీరేది."

బాబాయ్ ముఖం విప్పారింది. 'ఈవెంచువల్ విన్నర్' అని గుండ్రటి అక్షరాలతో చెక్కి, కింద పేరుకు చోటు వదిలాడు. ఎంతటి ఆటగాడికైనా పేరు పందెం అయ్యాకే చెక్కడం ఆయన పద్ధతి.

కప్పు సిద్ధమే, నడవాల్సిన మనిషే సిద్ధంగా లేదు. "మీరు పీట దిగకుండా నన్ను నడవమంటే ఎలా? మీరు నడిస్తే నేనూ నడుస్తా," అని ఆవిడ భీష్మించుకుంది. కప్పు సంగతి ఆవిడకు తెలియదు.

"ఓస్, అదేమన్నా బ్రహ్మవిద్యా!" అన్నాడు బాబాయ్. గబగబా ముందు వెళ్లిపోయి, ఆవిడ వచ్చేవేళకు కప్పు పట్టుకుని రిబ్బను దగ్గర నిలబడాలని ఆయన ఎత్తు.

పందెం రోజు పొద్దున వంతెన ఎక్కేదాకా ఛాతీ విరుచుకుని నడిచాడు. దిగేసరికి పిక్కలు పట్టేశాయి. మూసి ఉన్న దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. వెనకున్నవాళ్లంతా ఒక్కొక్కరే దాటిపోయారు. చివరికి, ఒక పాలవాడితో కబుర్లాడుతూ భార్య వచ్చింది.

"అయ్యో, ఏమైందండీ?"

"ఏం కాలేదు. కాసేపు నువ్వూ కూర్చో," అన్నాడు. ఆవిడ తన కన్నా ముందు వెళ్లిందంటే కప్పు దక్కదని ఆయన బెంగ.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. వీధి ఖాళీగా ఉంది. "అంటే, నా తర్వాత ఇంక మీరొక్కరేనా?"

"నేనొక్కణ్నే."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో ఏ పందెంలోనూ ఆవిడ వెనక ఒక్కరు మిగిలింది లేదు. ఆ ముఖం చూశాక బాబాయ్‌కి కప్పు గుర్తులేదు.

"ఇంకా చూస్తావేం? పద పద! నాకోసం ఆగావంటే ఒట్టే!"

ఆవిడ కొంగు బిగించి బయల్దేరింది. మలుపులో ఎవరో పలకరిస్తే "తర్వాత, తర్వాత!" అని చెయ్యూపి సాగిపోయింది.

బాబాయ్ గోడలు పట్టుకుని, కుంటుకుంటూ పార్కు గేటు చేరేసరికి ఎండ ముదిరింది. కుర్చీలు మడిచేశారు. రిబ్బను మాత్రం ఉంది. గుంజలు పీకేశారేమో, ఒక కొసను భార్య, రెండో కొసను కోడలు పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఛాతీ తగలగానే ఇద్దరూ కొసలు వదిలేసి చప్పట్లు కొట్టారు.

కార్యదర్శి కప్పు తెచ్చి చేతిలో పెట్టాడు. బాబాయ్ కంగారుపడిపోయాడు. "నాక్కాదయ్యా, ఇది మా ఆవిడకని చేశాను!"

"నా కోసమా?" ఆవిడ కప్పందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కోడలు అర్థం చెప్పింది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి, అయినా కప్పు మళ్లీ ఆయన చేతికే ఇచ్చేసింది. "ఎంత ప్రేమతో చేస్తే మాత్రం! నేను ఆఖరున రాలేదు మరి. ఎవరి కప్పు వాళ్లదే."

ముగ్గురూ షాపుకి వచ్చారు. బాబాయ్ పీట మీద కూర్చుని ఉలి తీశాడు. బజారందరి పేర్లూ చెక్కిన చెయ్యి, తన పేరు మొదటి అక్షరం దగ్గర ఆగిపోయింది. ఆవిడ ఎదురుగా కూర్చుని, కప్పు కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"మెల్లిగా కానివ్వండి," అంది. "తొందరేముంది?"