ఎత్తుకోనక్కర్లేని రకం

ఎడమకాలి గోళ్లు భార్యచేత తీయించుకుంటూ భర్త అన్నాడు, "ఇంట్లో ఏమీ తోచడం లేదే. ఒక హామ్‌స్టర్‌ని పెంచుకుంటాను. చిట్టెలుకంత ఉంటుందట. చాలా రకాలున్నాయట, నాకు సరిపడేది చూసి పట్రా." ఆమె కుడికాలు అందుకోబోతుంటే, "అది తర్వాత. ముందు కొట్టుకి వెళ్లిరా" అన్నాడు. ఆయన నడుం రిమోట్ కింద పడితే వంగుతుంది, గోళ్లకి వంగదు.

పెంచుకుంటాను అన్న మాటకే బెదిరి, ఆమె గోళ్లకత్తెర కిటికీలో పెట్టి లేచింది. చిలకనీ ఆయనే పెంచుకున్నాడు, కుక్కనీ ఆయనే పెంచుకున్నాడు. పంజరం కడిగింది ఆమె. కుక్క చెవులు తుడిచిందీ, వానలో వీధి చివరిదాకా తిప్పిందీ ఆమె. చుట్టాలొస్తే ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దుచేసింది మాత్రం ఆయన. చిలక తర్వాత కుక్కా పోయిన రోజు అత్తగారు, "నీ చేతిలో ఏదీ నిలవదమ్మా" అంది. ఆయన కాదనలేదు. అత్తగారూ పోయింది గానీ ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటినుంచీ ఎవరు గుమ్మం దాటినా మళ్లీ వస్తారో రారో అని ఆమెకు బెంగ. పాలు తెచ్చే మనిషి ఒకపూట ఆలస్యమైనా వీధిలోకి తొంగిచూస్తుంది.

పెంపుడు జంతువుల కొట్టునిండా రంపపుపొట్టు వాసన. నడివయసు కొట్టావిడ డబ్బాలో గింజలు పోస్తూ, "హామ్‌స్టర్‌ని పెంచేదెవరు పిన్నిగారూ? మనిషిని బట్టే రకం" అంది.

"మావారమ్మా."

"ఓపికున్న మనిషేనా? సిరియన్ అయితే కాస్త పెద్దది, చేతికి అలవాటవుతుంది. కానీ రోజూ నెమ్మదిగా మచ్చిక చేసుకోవాలి."

ఓపికున్న మనిషే అనబోయింది. బయటివాళ్ల ముందు ఆయన్ని వెనకేసుకురావడం ఆమెకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. పొద్దున కాఫీ చల్లారిందని కప్పు తోసేసిన చెయ్యి కళ్లముందు మెదిలింది. పాపం, ఆ చేతిలో ఈ చిన్న ప్రాణం.

"ఓపిక తక్కువేనమ్మా."

"పోనీ డ్వార్ఫ్. చిన్నది, చురుకు. విసిగిస్తే మాత్రం కొరుకుతుంది."

"కొరికితే విసిరికొడతారు." అనేశాక ఆమె తన నోటికి తానే ఆశ్చర్యపోయింది.

"ఏదైనా సరే, రాత్రంతా తొట్టిలో చక్రమెక్కి పరిగెత్తుతూ గరగర చప్పుడు చేస్తుంది."

"పక్కగదిలో నేను దగ్గితేనే నిద్ర చెడిందంటారు."

"మరి తొట్టి శుభ్రం చేసేదెవరు?"

ఆమె తన చేతులకేసి చూసుకుంది. కొట్టావిడ కూడా ఆ చేతులకేసే చూసింది.

"అయితే పిన్నిగారూ, ఆయనకి సరిపడే రకం లేదు. ఉంటే నేను అమ్ముకోనా చెప్పండి."

ఆమెకు నవ్వొచ్చింది. ఎన్నో ఏళ్లుగా మోస్తున్న మూటని ఎవరో పరాయి మనిషి వెనకనుంచి అందుకుని దింపినట్టయింది. చిలక విషయంలోనూ కుక్క విషయంలోనూ ఎవరో ఒకరు ముందే ఈ ప్రశ్నలు అడిగి ఉంటే ఎంత బాగుండేది. లోపం తన చేతుల్లోనే ఉందని ఇన్నాళ్లూ వాటిని దాచుకుని తిరిగింది.

వెళ్లబోతూ ఆగింది. మూల గాజుతొట్టిలో, ఇసకలో, బొటనవేలంత ప్రాణి ఒకటి పొర్లుతోంది.

"అదేంటమ్మా?"

"ఇదీ హామ్‌స్టరే, రోబోరోవ్‌స్కీ అంటారు. మనిషంత పేరు, గుప్పెడు కూడా లేని ఒళ్లు. ముద్దుచేయడానికి పనికిరాదండీ, ఎత్తుకుంటే దానికి నచ్చదు. తిండీ నీళ్లూ పెట్టి, ఇసక మార్చి, చూస్తూ కూర్చోవడమే."

"ఎత్తుకోనక్కర్లేదా?"

"అక్కర్లేదు."

ఎత్తుకోనక్కర్లేని ప్రాణిని ఆమె ఇంతవరకూ చూడలేదు. అన్నిటికన్నా ముందు అడగాలనుకున్నది ఆఖర్న అడిగింది. "ఎన్నాళ్లుంటుంది?"

"రెండేళ్లు, మహా అయితే మూడు. మీరెంత బాగా చూసినా అంతే."

"ఎంత బాగా చూసినా అంతేనా?"

"ఎంత బాగా చూసినా."

అది పోయినప్పుడు తను ఏడుస్తుందని ఆమెకు తెలుసు. కానీ ఈసారి నింద లేని ఉత్త ఏడుపే.

ఆమె దాన్ని కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి భర్త సోఫాలో చెయ్యి చాపి ఉన్నాడు. "ఏదీ, ఇలా తే. నాకు సరిపడేదేనా?"

ఆమె ఆగకుండా తన గదిలోకి వెళ్లి, గాజుతొట్టిని మంచం పక్కన బల్లమీద పెట్టింది. లోపలిది ఒక్క గంతులో ఇసకలోకి దూరింది.

"మీకు సరిపడేది లేదన్నారండీ. ఇది నాది."

"మరి నాకో?"

"గోళ్లకత్తెర కిటికీలో ఉంది చూడండి," అంది ఆమె మంచంమీద కూర్చుంటూ. "కుడికాలు మిగిలింది కదా."