అవ్వ పాటలుండే ఫైలు

తిరపతిలో సదివేవాళ్ళం, కాగితం ముట్టుకుంటే పైన దేవుడి పేరు రాయందే కింద అక్షరం పడదు మాకు. కంప్యూటర్లోనూ అంతే. కొత్త పేజీ తెరిస్తే మొదటి వరసలో "ఓం నమో వేంకటేశాయ" అని కొట్టాల్సిందే. ఆ పాడు కంప్యూటరేమో, సేవ్ నొక్కంగానే ఆ మొదటి వరసనే ఎత్తి ఫైలుకు పేరు పెట్టేస్తాది. మార్చుకోవచ్చు, కాదనను. కానీ దేవుడి పేరు చెరిపి ఆడ "ప్రాజెక్టు" అని కొట్టేదానికి ఎవరికి చేతులొస్తాయి చెప్పండి?

అందుకే మా ఎమ్మే తెలుగోళ్ళందరికీ కలిపి ల్యాబులో ఇచ్చిన ఒకే ఒక్క ఫోల్డర్లో, యాడ చూసినా వేంకటేశాయలే. ఒకడు చివర రెండు అంకె వేసుకున్నాడు, ఒకామె ఇంటిపేరు తగిలించుకునింది. ఏమీ తగిలించకుండా ఉండేది నాదొక్కటే. మొదట పెట్టింది నేను, నేనెందుకు మార్చాల? పెన్‌డ్రైవులతో వైరస్‌లొస్తాయని ల్యాబు చూసుకునే సుందరరాజు సార్ వాటిని ముట్టనియ్యడు. నెట్టు ఆయన సిస్టంలో తప్ప ఇంగెందులోనూ రాదు. ఏది కొట్టినా ఆ ఫోల్డర్లోనే ఉండాల, ప్రింటు కూడా ఆడినుంచే.

నాదీ నాజియాదీ కలిపి ఒకటే ప్రాజెక్టు. వడమాలపేట పక్క నాట్లేసేటప్పుడు ఆడోళ్ళు పాడే పాటలు. పాడింది మా అవ్వ చెంగమ్మ, నాయనకు అమ్మ. గోడకానుకొని కూర్చొని, కాళ్ళు చాపుకొని, వక్కాకు నములుకుంటా పాడింది. నా ఫోన్లో రికార్డు చేస్తే, నాజియా ల్యాబులో కూర్చొని చెవిలో పెట్టుకొని ఒక్కో మాటా విని టైపు చేసింది. దాన్ని తనే నా ఫైలులోకి కాపీ చేసిస్తే, నేను శుభ్రంగా సర్ది, ముందుమాటా వివరణలూ రాసినా. ఆ తర్వాత నా ఫోను బట్టలు నానబెట్టిన బకెట్లో పడి సచ్చింది. ఎండాకాలంలో అవ్వ కూడా పోయింది. ఇంగ అవ్వ పాటలు ఈ భూమ్మీద ఉండేది ఆ ఫైలులోనే.

శుక్రవారం పొద్దున ప్రింటు తీద్దామని పోయి నా ఫైలు తెరిచినా. "మామిడితోటల కాపలా కతలు – ఒక పరిశీలన" అని వచ్చింది. కింద భానుచందర్ పేరు. కిందికి పోతా ఉండా, పోతా ఉండా, అంతా మామిడికాయలే. అవ్వ యాడా లేదు.

భానుచందర్ మా క్లాసోడే, రెండు సిస్టంల అవతల కూర్చోనుండాడు.

"రేయ్, నా ఫైలేం చేసినావురా?"

"నీ ఫైలు నేనేం చేస్తా మే?"

లాక్కొచ్చి చూపించినా. మనిషి మొహం మాడిపోయింది.

"నిన్న సేవ్ కొడితే అడిగింది మే, ఈ పేరుతో ఇంగొకటి ఉండాది, దాని మీదనే పెట్టెయ్యాల్నా అని. అదీ నాదేనేమో అనుకొని ఊ అన్నా."

"ఊ అన్నావా? కండ్లు యాడ పెట్టుకోనుంటివి? ఎద్దు కూడా కొత్త కొట్టంలోకి పొయ్యే ముందు ఒకసారి చూస్తాది కదరా!"

ల్యాబంతా మా వైపు తిరిగింది. తిరిగితే తిరగనీ. ఇంగా చానా అన్నా, అవన్నీ ఈడ రాసేటివి కావు. వాడు తల వంచుకొని "సారీ మే, సారీ మే" అంటానే ఉండాడు. అదొకటి ఇంగా మంట.

సుందరరాజు సార్ వచ్చి అదీ ఇదీ నొక్కి చూసినాడు. పాతది దొరుకుతాదేమో అని పైన సర్వర్లోనూ వెతికినాడు. "పేర్లు మార్చుకోండి, పేర్లు మార్చుకోండి అని మొత్తుకుంటానే ఉండా, ఒక్కరన్నా వింటే కదా" అని గొణిగి, చివరికి కుర్చీ వెనక్కి జరిపినాడు. "రాదమ్మా. పోయింది పోయినట్టే."

ఏడుపొచ్చింది. ప్రాజెక్టు పోతే పోనీ, ఇంగో ఆరు నెలలు కూర్చొని ఇంగోటి రాస్తా. అవ్వను మళ్ళా యాడ తెచ్చుకునేది? కండ్లు మూసుకొని పాటలు గుర్తు తెచ్చుకోవాలని చూసినా. "కొంగు బిగించవే కోడలా, మబ్బు దిగొస్తాండాది..." ఆ తర్వాత? అన్నిసార్లు సర్దినదాన్ని, రెండో చరణం నోటికి రాలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

నాజియా ఆ పొద్దే పలమనేరు బస్సెక్కింది. వాళ్ళక్క షబ్రీన్‌కు ఆడబిడ్డ పుట్టింది. నా కొత్త ఫోన్లోంచి చేస్తే కలవలేదు. దారిలో మొగిలి ఘాట్లో కొండెక్కే బస్సుకు ఫోన్ యాడ కలుస్తాది? అయినా చేస్తానే ఉండా. కలిస్తే మాత్రం ఏం చెప్పాల? ఎన్ని దినాలు చెవులు నొప్పి పుట్టేట్టు విని కొట్టిందో, అంతా మామిడికాయల కింద పడిపోయిందని చెప్పాల్నా?

చివరికి తనే చేసింది. "ఏం మే, అన్ని మిస్డ్ కాల్సు? నీకూ తొందరే మా అక్క బిడ్డను చూసేదానికి?"

ఏడుస్తానే చెప్పినా. అంతా వినింది.

"నేను కొట్టింది ఉంటాది కదే" అనింది.

"ఏది?"

"ముందు నేను విని కొట్టింది. దాంట్లోనుంచే కదా నీదాంట్లోకి కాపీ చేసిచ్చింది. నేను దాన్ని తీసెయ్యలేదే. ఆ ఫోల్డర్లోనే ఉంటాది చూడు."

"ఏం పేరుతో?"

"పేరా? నేనేం పేరు పెట్టలే. పైన 786 కొట్టినా, దాన్నే పెట్టుకోనుంటాది."

నేను ఓం రాసినట్టే వాళ్ళింట్లో బిస్మిల్లాకు బదులు ఏ కాగితం పైనైనా ఆ అంకె వేస్తారు. ఫోల్డర్ తెరిచినా. అంకెలు ముందొస్తాయి కదా, వేంకటేశాయలన్నిటికంటే పైన, మొట్టమొదట అదే ఉండాది. 786. దినామూ చూస్తానే ఉన్నా, అదేందో కంప్యూటరోళ్ళ నంబరులే అనుకొని ఒక్కసారన్నా తెరిచి చూసిన పాపాన పోలేదు.

నొక్కినా. తెరుచుకునింది. కొంగు బిగించవే కోడలా. రెండో చరణం. మూడోది. అన్నీ ఉండాయి, ఒక్కటీ పోలేదు.

"ఉండాదే నాజియా! అంతా ఉండాది!" అని అరిచినా. సార్ ఉలిక్కిపడి లేచినాడు. అవతల నాజియా ఏడుస్తా నవ్వుతా బస్సులో ఎవరికో "ఏం లేదు పెద్దమ్మా, దొరికింది, దొరికింది" అని చెప్తా ఉండాది. భానుచందర్ దేవుడికి దండం పెట్టుకున్నాడు. "నాజియాకు పెట్టుకోరా ముందు" అన్నా. గుండెల మీదినుంచి బండ దించినట్టయింది.

నేను రాసిన ముందుమాటా వివరణలూ పోయినాయి. పోతే పోయినాయి, అవి నా తలలోనే ఉండాయి. సోమవారం దాకా టైం ఇప్పిస్తానన్నాడు సార్. ఫైలుకు "చెంగమ్మ పాటలు" అని పేరు మార్పించి, నా పక్కనే నిలబడి కండ్లద్దాలు సర్దుకొని చదవబట్టినాడు.

"ఇదేందమ్మా, పాట మధ్యలో ఈ మాటలు? తీసెయ్యి."

అప్పుడు చూసినా. ఏది పాటో ఏది మాటో నాజియాకు తెలియక, వినబడిందంతా కొట్టేసింది. అవ్వ దగ్గిందని కొట్టింది, నీళ్ళడిగిందని కొట్టింది. నేను సర్దేటప్పుడు అవన్నీ ఏరి పారేసినా. మూడో పాట మధ్యలో అవ్వ నాతో అన్న మాట ఇట్లుండాది:

"మే రూపా, బువ్వ తిన్నావా? మొహం సూడు, ఎట్ల పీక్కపోయిందో. ఆ ఫోను పక్కన బెట్టి పోయి తినుపో. నా పాటలు యాడికీ పోవులే."

"ఉండనీండి సార్" అన్నా. సార్ నా మొహం చూసి తర్వాతి పాటకు పోయినాడు.

పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. ఒక ప్రింటు తీసి సంచిలో పెట్టుకొని, సిస్టం ముందర భానుచందర్‌ను కాపలా కూర్చోబెట్టి, ఎవరేమడిగినా ఊ అనొద్దని చెప్పి, తినేదానికి పోయినా.