తప్పు లేని చీటీ

శ్రావణికి ఇంగ్లీషులో ఒక మాట మీద వల్లమాలిన ప్రేమ. ఆ మాట ఎఫెబ్రైల్. ఒంట్లో జ్వరం లేదని దాని అర్థం. రెండు తెలుగు మాటల్లో తేలిపోయే సంగతికి అంత పెద్ద మాట ఎందుకని మీరు అడగవచ్చు. ఆ పిల్ల పడ్డ అవస్థ తెలిస్తే అడగరు.

టేకులపల్లి దగ్గర తండాలో పుట్టి, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఖమ్మంలో నర్సింగ్ కాలేజీలో చేరింది శ్రావణి. మొదటి నెలలోనే వార్డులో ఒక కేసు షీటు మీద ‘ఫీవర్ నాట్ దేర్’ అని రాసింది. తోటి అమ్మాయిలు ఆ షీటును చేతులు మార్చుకుంటూ చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. చదువు పూర్తయ్యేదాకా ఆమె పేరు నాట్ దేర్ అయింది. నాగలక్ష్మి మేడం అనే లెక్చరర్ మాత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, దీనికి అసలైన మాట వేరే ఉందని, అది ఎప్పుడు రాయాలో ఎప్పుడు రాయకూడదో ఓపిగ్గా చెప్పింది. థర్మామీటరు పెట్టి చూశాకే రాయాలి, ఊహించి రాయకూడదు అంది. శ్రావణి ఆ నియమం ఒక్కనాడు తప్పలేదు. ఆమె రాత చూసి మళ్లీ ఎవరూ నవ్వలేదు. ఉద్యోగంలో చేరాక పట్నం డాక్టర్లు కూడా రోగులతో ఆమె రాసి పంపిన చీటీ చూస్తే ఇంకేమీ అడక్కుండా నమ్మేవారు.

ఇప్పుడామె ఇప్పలమడుగు పల్లె దవాఖానాలో కాంట్రాక్టు ఉద్యోగి. చుట్టూ అడవి, వాగుకు అవతల కోయ గూడేలు. పనిలో చెయ్యి తిరిగిన పిల్లే, కానీ శుభ్రం దగ్గర మహా చాదస్తం. మట్టి కొట్టుకొని వచ్చిన పిల్లలను చూస్తే తల్లులకు చీవాట్లు పెట్టేది. పిల్లలకు స్నానం పోసి తీసుకొస్తేనే చూస్తానని తలుపు మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో కాగితం అంటించింది. గూడెంలో చదువు వచ్చిన దూలయ్య దాన్ని చదివి అందరికీ చెప్పాడు. ఆ తల్లులు ఎదురు చెప్పే రకం కాదు. వాగు దాటేటప్పుడే పిల్లలను చన్నీళ్లలో ముంచి, తుడిచి, ఉన్నంతలో మంచి బట్టలు వేసి తెచ్చేవారు. వరసగా తడి జుట్టుతో నిలబడ్డ పిల్లలను చూసి శ్రావణి మురిసిపోయేది.

వానాకాలంలో ఒక పొద్దున ఆ దూలయ్యే, భార్య గంగక్కతో కలిసి, నాలుగేళ్ల బిడ్డ సరళను ఎత్తుకొని వచ్చాడు. రెండు రోజులుగా వాంతులట. పిల్ల నీలం గౌను వేసుకొని ఉంది, జుట్టు తడిగా ఉంది, మెడ నిలపలేకుండా తండ్రి భుజం మీద వాలిపోయి ఉంది. శ్రావణి చంకలో థర్మామీటరు పెట్టింది. తొంభై ఎనిమిది. చేత్తో ముట్టుకుంది, ఒళ్లు చల్లగా ఉంది. బయట ఇంకా ముప్పై మంది కూర్చొని ఉన్నారు. పట్నం పంపాల్సిందేనని తేల్చుకొని చీటీ రాయడం మొదలుపెట్టింది.

గంగక్క “రాత్రి...” అని ఏదో చెప్పబోయింది. శ్రావణి తల ఎత్తకుండానే ఒక్క నిమిషం ఆగమని చెయ్యి చూపించింది. మొదటి వరుసలో వాంతులని, రెండో వరుసలో ఎఫెబ్రైల్ అని ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతో రాసింది. దూలయ్య చేతిలో పెట్టి జల్దీ పొమ్మంది. వాళ్లు వెళ్లారు. గంగక్క చెప్పబోయింది ఏమిటో ఆమె మళ్లీ అడగలేదు. జ్వరమున్న పిల్లలకు మలేరియా చూసే కిట్లు ఆమె సొరుగులో పెట్టె నిండా ఉన్నాయి.

పట్నంలో డాక్టరు చీటీ చూసి, తల్లిదండ్రులను ఏమీ అడక్కుండానే కడుపు జబ్బు అనుకున్నాడు. సెలైన్ పెట్టించాడు. జ్వరం లేదని అంత చక్కగా రాసి ఉన్నాక మలేరియా ఎవరికి తడుతుంది? మర్నాడు ఒళ్లు కాలి ఫిట్స్ వచ్చాక రక్తం పరీక్ష చేశారు. జబ్బు అప్పటికే మెదడుకు ఎక్కింది. మూడో రోజు పొద్దున సరళ పోయింది.

పసిపిల్ల పోతే ఎందుకు పోయిందో ఫారం రాసి పైకి పంపాలి. మెడికల్ ఆఫీసర్ రామ్‌చందర్ సార్ ఆ ఫారం తెచ్చి శ్రావణి ముందు పెట్టాడు. చెడ్డవాడేం కాదు. మూడు రోజులుగా ఆమె అన్నం తినడం లేదని విని వచ్చాడు. వైద్యం ఆలస్యం కావడానికి కారణం అనే చోట రెండు గడులున్నాయి. ఒకటి కుటుంబం, ఒకటి సిబ్బంది.

“నీ చీటీల తప్పు లేదమ్మా,” అన్నాడాయన. “ఆ టైముకు జరం లేదు, నువ్వు ఆ మాటే రాసినవ్. తల్లి చన్నీళ్లు పోసి తెచ్చింది. కుటుంబం దిక్కు టిక్కు పెట్టు. లేకుంటే నీ ఉద్యోగం పోతది.”

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. శ్రావణికి అదే మింగుడు పడలేదు. అయినా ఉద్యోగం పోతుందన్న భయానికి కుటుంబం గడిలోనే టిక్కు పెట్టింది. తల్లిదండ్రుల సంతకాలు కావాలి కనుక ఫారం, వేలిముద్రల ఇంకు డబ్బా సంచిలో వేసుకొని వాగు దాటింది.

గంగక్క వాకిట్లో చాప పరిచి, తాగడానికి నీళ్లిచ్చింది. నీలం గౌను దండెం మీద ఆరేసి ఉంది. శ్రావణి ఫారం తీసింది. అందులో ఏముందో గంగక్క అడగనే లేదు. “నువ్వు రాసినవంటే సరిగ్గనే రాసి ఉంటవ్ సిస్టరమ్మా,” అని బొటనవేలు ఇంకులో అద్దింది.

శ్రావణి ఆ చెయ్యి పట్టుకొని ఆపింది. ఫారం వెనక్కి లాక్కుంది. ఆ రోజు చీటీలో ఏం రాసిందో, దాని వల్ల పట్నంలో ఏం జరిగిందో, ఇప్పుడు ఈ ఫారంలో ఏం రాసి తెచ్చిందో, అంతా చెప్పేసింది.

“పిల్లలను కడిగి తెమ్మన్నది నేనే గంగక్కా. ఒళ్లు సల్లగుంటే జరం తెల్వలే. నువ్వు ఏందో చెప్పబోతే ఆపింది గూడ నేనే.”

గంగక్క ఇంకు వేలిని కొంగుకు తుడుచుకుంది. “రాత్రి ఒళ్లు కాలిపోయింది అని చెప్దామనుకున్న,” అంది చాలా నెమ్మదిగా.

దూలయ్య లోపలికి వెళ్లి చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తెచ్చాడు. పట్నం దవాఖానా వాళ్లు తిరిగిచ్చిన చీటీ. జరం లేదని ఇందులో ఎక్కడుందో చూపించమన్నాడు. శ్రావణి ఆ మాట మీద వేలు పెట్టింది. అతను కళ్లు చిట్లించి దాన్నే చూశాడు.

“నేను ఏడు దాక చదివిన సిస్టరమ్మా. నీ తలుపు మీది కాయితం చదివి గూడెం మొత్తానికి చెప్పింది నేనే. బస్సుల రెండు గంటలు ఈ చీటీ నా చేతులనే ఉన్నది. తెలుగుల రాసుంటే చదివేటోన్ని గద. జరం ఉన్నది సారూ అని ఆ డాక్టరుకు చెప్పేటోన్ని.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే శ్రావణి తట్టుకునేదేమో. నలుగురిలో నవ్వులపాలు కాకూడదని నేర్చుకున్న మాట, ఒక తండ్రిని బిడ్డ పక్కనే మూగవాణ్ని చేసి కూర్చోబెట్టింది.

శ్రావణి పెన్ను తీసింది. కుటుంబం గడిలో పెట్టిన టిక్కు కొట్టేసి, సిబ్బంది గడిలో పెట్టింది. కింద ఖాళీ జాగాలో తెలుగులో రాసింది. రాసిన కాగితం దూలయ్యకు ఇచ్చి, చదివాకే సంతకం పెట్టమంది.

అతను ఒక్కో మాట మీద వేలు పెట్టి, భార్యకు వినబడేలా చదివాడు. “సరళకు రాత్రి జ్వరం ఉంది. తల్లి చెప్పబోయింది. నేను వినలేదు.”

బిడ్డ పోయిన నాటి నుంచి ఏడవని గంగక్క అప్పుడు ఏడ్చింది.