అరియస్ తరఫున

సుద్దముక్క విరిగి కింద పడింది. అరుళానందం అయివారు దాన్ని చూడనైనా చూడకుండా, చేతిలో మిగిలిన ముక్కతోనే బోర్డు మీద వాదన ముగించాడు.

"కొడుకంటే నాయన తర్వాత పుట్టినోడే గదా? అట్లయితే కొడుకు లేని కాలం ఒకటి ఉండాది. అంటే క్రీస్తు గూడా దేవుడు చేసినోడే, దేవుడు కాదు. ఏం, తప్పేముండాది?"

పదిహేడు వందల ఏళ్ల కిందట చర్చి వెలివేసిన అరియస్ అనే బోధకుడి వాదన అది. తిరుపతి శివార్లలోని చిన్న క్రైస్తవ వేదాంత కళాశాలలో సిద్ధాంతాల చరిత్ర చెప్పే అయివారికి ఏటా ఈ పాఠం పండగే. మొదటిరోజు అరియస్ తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. అదీ ఎట్లా! పొట్టి మనిషి, నెరిసిన కనుబొమలు ఎగరేస్తూ, మునివేళ్ల మీద లేస్తూ వాదిస్తుంటే అరియస్సే దిగివచ్చాడేమో అనిపిస్తుంది. జవాబు మాత్రం రెండోరోజే.

ఈ పద్ధతి వైష్ణవ పండితుడు దేవనాథన్ దగ్గర నేర్చుకున్నది. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి వాదనను, వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాతే తమ సిద్ధాంతం చెప్పడం వాళ్ల ఆచారం. వయసులో ఉన్నప్పుడు సంస్కృతం కోసం వెళ్లిన అరుళానందం ఆ మర్యాదను కూడా వెంట తెచ్చుకున్నాడు. పెద్ద కాలేజీలు పిలిచినా పోలేదు. రాసింది ఒకే పుస్తకం, అదీ సన్నది. అయితేనేం? ఆయన దగ్గర చదివిన పాస్టర్లు ఏ ఊళ్లోనూ ఎదుటి మతంవాణ్ని వెక్కిరించరు. అంతకన్నా గొప్ప చదువు ఎవరు చెప్పారో చూపించండి!

వెనక వరుసలో ప్రసన్నకుమారి లేచి నిలబడింది. ఆదివారం పుత్తూరు చర్చిలో ఆమె మొదటి ప్రసంగం.

"అయివారా, మీరు చెప్పింది కాదనేదానికి నాకు ఒక్క మాటా దొరకలేదు. జవాబు తెలీకుండా నేను ప్రసంగపీఠం ఎక్కను," అంది, కళ్లనీళ్లతో.

"ఎక్కొద్దు. రేపు సెప్తా పాపా. ఈ పొద్దు నువ్వూ ఎతుక్కో."

సాయంత్రం ముసలి దేవనాథన్ ఇంట్లో కాఫీ తాగుతూ, "ఈసారి ఒక పిల్ల బాగా గింజుకుంటా ఉండాది స్వామీ!" అని మురిసిపోయాడు. ఇంటికి వచ్చి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు.

ఆ రోజు సాయంత్రమే ఆయన సమాధిలో మట్టి వేసి వచ్చిన విద్యార్థులు హాస్టలుకు పోబుద్ధి కాక తరగతిలో కూర్చున్నారు. వాళ్లతో పాటు దేవనాథన్ కూడా వచ్చి చివరి బెంచీలో ఒదిగాడు. బోర్డు ఎవరూ తుడవలేదు. ప్రసన్నకుమారి ముందుకు నడిచి, అరియస్ వాదనంతా ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది.

"పూర్వపక్షం బాగా చెప్పినావు తల్లీ," అన్నాడు దేవనాథన్. "ఇంక మీ సిద్ధాంతం చెప్పు."

"మునిగిపోతా ఉండే మనల్ని, మన మాదిరే దేవుడు చేసినోడు, మనతోపాటు మునిగేవాడు, యాడ లాగుతాడు స్వామీ? గట్టు మీద ఉండేవాడే నీళ్లలోకి దిగాల. దిగినాడు. అందుకే ఆయన్ని దేవుడంటా ఉండాము."

అయివారు చెప్పబోయిన జవాబు అదేనో కాదో ఎవరికీ తెలియదు. దేవనాథన్ మాత్రం కళ్లు తుడుచుకుని తల ఊపాడు. ఆదివారం పొద్దున్నే పుత్తూరు బస్సెక్కుతానని చెప్పి ప్రసన్నకుమారి బయటికి నడిచింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ లేచారు.

కుర్చీ చేతి మీద అయివారు మరిచిపోయిన రుమాలు, నిన్నటి చెమట ఎండి బిరుసెక్కి, అలాగే ఉంది.